నాలుగు కోడ్‌లు, ఒకే బోల్టు: షాద్‌నగర్ నుంచి గౌలిపుర దాకా

పాతబస్తీకి ఎవరైనా గాజుల కోసమో, పెళ్లి బట్టల కోసమో వెళ్తారు. నేను మొన్న శనివారం నా కారు డాష్‌బోర్డు మీద వెలిగిన ఒక పసుపు లైటు కోసం వెళ్లాను. వెళ్లిన పని అయింది. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే దాచుకునే ఓపిక నాకు లేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా నా మొహం మీద నవ్వు ఆగడం లేదు. మీ బండిలోనూ అలాంటి లైటు వెలిగి, మెకానిక్ పెద్ద ఖర్చు చెప్పి, ఇంట్లోవాళ్లు అమ్మేయమని పోరుపెడుతుంటే ఈ ప్రయాణం మీకు పనికొస్తుంది.

నేను ఫిజియోథెరపిస్టును, ఉండేది షాద్‌నగర్‌లో. ఆస్పత్రికి రాలేనివాళ్ల ఇళ్లకు నేనే వెళ్లి వ్యాయామాలు చేయిస్తాను. చుట్టూ ఉన్న ఊళ్లు తిరగాలి కాబట్టి ఎనిమిదేళ్ల కిందట సొంత సంపాదనతో ఈ డీజిల్ కారు కొన్నాను. కొన్న తర్వాతే డ్రైవింగు నేర్చుకున్నాను, అదీ ముప్పై ఏడో ఏట. అలాంటి బండి రెండు నెలలుగా మొరాయిస్తోంది. ఇంజన్ బొమ్మ ఉన్న పసుపు లైటు వెలుగుతుంది, ఆ వెంటనే ఎంత తొక్కినా వేగం నలభై దాటదు. దీన్ని లింప్ మోడ్ అంటారు. ఎక్కడో తేడా ఉందని అనుమానం రాగానే, బండిలోని కంప్యూటరు ఇంజన్‌ను కాపాడుకోవడానికి దాని బలం తగ్గించేస్తుంది. కుంటేవాళ్లకు నడక నేర్పేదానికి కుంటే బండే దొరికిందని మా ఆయన ఒకటే ఎగతాళి.

ఊళ్లో ఒక వర్క్‌షాపులో చూపిస్తే ఒక సెన్సారు మార్చారు. తర్వాత ఇంకొకటి మార్చారు. చివరికి కంప్యూటరే పోయిందన్నారు, కొత్తది వేయించాలంటే బండి విలువలో సగం అవుతుందట. పాత బండ్లు కొనే ఒకాయన వచ్చి చూసి, తుక్కు ధర కన్నా కాస్త పైన చెప్పి, ఆదివారం పొద్దున పది గంటలకు డబ్బుతో వస్తానన్నాడు. మా ఆయన సరేనన్నాడు. నేను అనలేదు, అలాగని కాదనడానికి నా దగ్గర కారణమూ లేదు. గుట్ట మీద ఒక తండాలో పక్షవాతం వచ్చిన పెద్దాయన ఒకరు నా పేషెంటు. మూడు నెలల కష్టం మీద చేతికర్రతో నాలుగడుగులు వేసేదాకా వచ్చాడు. నా బండి ఆ ఎత్తు ఎక్కలేక పన్నెండు రోజులుగా నేను ఆయన దగ్గరికి వెళ్లలేదు. ఆ తండాకు బస్సు లేదు. బండి పోతే నా పనిలో సగం పోయినట్టే, అలాంటి పేషెంట్లంతా పోయినట్టే. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఏడుపొచ్చేది, ఆ తర్వాత కోపమొచ్చేది.

శుక్రవారం మోకాలి నొప్పి పేషెంటు ఒకాయనతో ఇదంతా వెళ్లబోసుకున్నాను. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. కాలు చాపుకుని కూర్చుని శ్రద్ధగా విని, "మేడం, కంప్యూటర్ ఊకెనే పోదు. మా డిపోల యాదగిరి అని ఎలక్ట్రీషియన్ ఉండె. రిటైరయినంక గౌలిపురల సొంతంగ చూస్తుండు. అమ్మేదుంటే అమ్ముదురు గని, ఒక్కపారి యాదన్నకు చూపియ్యుండ్రి" అన్నాడు. అక్కడికక్కడే ఫోన్ చేసి, శనివారం పొద్దున్నే రమ్మన్నాడని చెప్పాడు. ఇక మా ఆయన్ని అడగలేదు, చెప్పి బయలుదేరాను.

శనివారం ఆరు గంటలకు ఇల్లు వదిలాను. చీకటి పూర్తిగా విడలేదు కాబట్టి హెడ్‌లైట్లు వేశాను, అద్దం మీద పట్టిన మంచు పోవాలని బ్లోయర్ పెట్టాను. కొత్తూరు చేరకముందే పసుపు లైటు వెలిగింది, బండి నలభైకి పడిపోయింది. వెనక లారీల హారన్లు. నా దగ్గర తొమ్మిది వందలు పెట్టి ఆన్‌లైన్‌లో కొన్న చిన్న స్కానర్ ఉంది. అగ్గిపెట్టె అంత ఉంటుంది, స్టీరింగు కింద ఉండే సాకెట్‌లో గుచ్చితే బండి కంప్యూటరు చెప్పే కోడ్‌లను ఫోన్‌లో చూపిస్తుంది. అందులో కోడ్ తుడిచేసే బటన్ ఒకటి ఉంటుంది. అది నొక్కితే లైటు ఆరిపోయి, బండికి కాసేపు బలం వస్తుంది. కొత్తూరులో ఒకసారి నొక్కాను. శంషాబాద్‌లో ఒకసారి, ఆరాంఘర్‌లో ఇంకోసారి నొక్కాను. నా అంత తెలివైనవాళ్లు షాద్‌నగర్‌లో ఇంకొకరు లేరని అప్పటికి నా నమ్మకం.

వెళ్లాలనుకునేవాళ్లకు దారి చెప్తాను. ఆరాంఘర్ చౌరస్తా నుంచి చాంద్రాయణగుట్ట వైపు మళ్లి, ఫలక్‌నుమా మీదుగా ఇంజన్‌బౌలి, అలియాబాద్ దాటితే శాలిబండ వస్తుంది. అక్కడ కుడివైపు తిరిగితే లాల్‌దర్వాజా, దాని వెనకే గౌలిపుర. మామూలు బండికి షాద్‌నగర్ నుంచి గంటన్నర, నా బండికి రెండుంబావు గంటలు. పోనూ రానూ ఎనిమిది వందల డీజిల్ పట్టింది. పొద్దున తొమ్మిదిలోపు చేరితేనే సుఖం. ఆ తర్వాత దుకాణాల ముందు ట్రాలీలు నిలబడతాయి, ఆటోలు, స్కూటర్లు అన్నీ ఒకే గల్లీలోకి దూరతాయి. శాలిబండ దగ్గర బండి ఆపి, లైటు మళ్లీ వెలిగి ఉండటంతో నాలుగోసారి కోడ్ తుడిచేశాను. ఈసారి వేగం కోసం కాదు. కొత్త మనిషి దగ్గరికి లైటు వేసుకుని వెళ్లడం నామోషీ అనిపించింది.

లాల్‌దర్వాజా దాటాక దారి తప్పాను. గాజుల దుకాణం షట్టరు ఎత్తుతున్న ఒకాయన్ని అద్దం దించి అడిగాను.

"డిపోవాలే యాదన్ననా? సీదా జావ్ అమ్మా. నీళ్ల నల్లా కాడ లెఫ్ట్ మారో. జర మిర్రర్లు లోపలికి మలుసుకోండి, లేకపోతే ఈడనే మా గోడకు ఇచ్చి పోతరు" అన్నాడు. అన్నట్టే దుకాణం మెట్లు దిగి వచ్చి, ఎడమ అద్దం తనే మడిచి, బండి మలుపు తిరిగేదాకా "ఆనే దో, ఆనే దో" అంటూ చేయి ఊపాడు. నా డ్రైవింగు మీద నాకున్న గర్వమంతా ఆ రెండు వందల గజాల్లో పరీక్షకొచ్చింది, గీత పడకుండా నెగ్గుకొచ్చాను.

యాదన్న షెడ్డు ఒకప్పుడు బర్రెల కొట్టం. వాళ్లది పాల కుటుంబం. బర్రెలను కట్టేసిన ఇనుప కడియాలు గోడకు ఇంకా ఉన్నాయి, వాటికిప్పుడు వైర్ల చుట్టలు వేలాడుతున్నాయి. వెనక వాకిట్లో మాత్రం రెండు బర్రెలు నెమరేస్తూ కనిపించాయి. అవి యాదన్న అక్క అంజమ్మవి. యాదన్నకు అరవై అయిదు దాటి ఉంటాయి. ఖాకీ ప్యాంటు, చెవి మీద పెన్సిలు, మొహంలో ఏ తొందరా లేదు. బండి వైపు కనీసం చూడకుండా నాకు స్టూలు వేశాడు.

"కూసో బిడ్డా. ముందుగాల బండి సంగతి చెప్పు. గని ఒక్క షరతు. ఏ పార్టు పేరు నీ నోట్లకెళ్లి రావద్దు."

"అంటే ఎట్లన్నా?"

"సెన్సారు, పంపు, కంప్యూటరు, గివేం వద్దు. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, అప్పుడు నువ్వేం జేస్తున్నవ్. గంతే."

ఇంతేనా అనుకుని మొదలుపెట్టాను. "రెండు నెలల కింద వాళ్లు ఫ్యూయెల్ ప్రెషర్ సెన్సారు..." అనగానే ఆపమని చేయెత్తాడు. మళ్లీ మొదలుపెట్టాను. రెండో వాక్యంలోనే కంప్యూటరు దొర్లింది, మళ్లీ చేయెత్తాడు. చాయ్ తెచ్చిన అంజమ్మ నవ్వాపుకోలేక, "ఎవ్వరొచ్చినా గిదే లొల్లి. చాయ్ తాగి చెప్పు బిడ్డా, చల్లారుతది" అంది. నాకు ఒళ్లు మండింది. తర్వాత గమనిస్తే, ఈ రెండు నెలల్లో నేను చెప్పిన మాటలన్నీ వర్క్‌షాపువాళ్ల మాటలే. నేను కళ్లారా చూసింది ఒక్కటీ ఎవరికీ చెప్పలేదు.

"పార్టు పేరు చెప్పినోని చెవుల గా పార్టే మోగుతది. ఇంకోటి ఇనబడదు" అన్నాడు యాదన్న. మూడోసారి గెలిచాను. పొద్దున పూట ఎండలో బయలుదేరితే బాగానే ఉంటుందని, తొమ్మిది దాటాక లైటు వెలుగుతుందని, వాన పడిన రెండు రోజులు ఇంటి ముందు నుంచే కుంటిందని, ఇవాళ చీకట్లో బయలుదేరితే కొత్తూరు కూడా చేరలేదని చెప్పాను.

"తొమ్మిదికి ఏం జేస్తవ్?"

"ఏం లేదన్నా. ఎండెక్కుతది, ఏసీ వేస్త."

"వాన పడ్డనాడు?"

"వైపర్లు వేసిన. లైట్లు వేసిన." ఆ మాట అంటుండగానే నాకేదో తట్టింది, ఇంకా పూర్తిగా అందలేదు. యాదన్న పెన్సిలు తీసి ఒక అట్టముక్క మీద రెండు ముక్కలు రాసుకుని, అప్పుడు తన స్కానర్ తెచ్చి బండికి తగిలించాడు. తెర మీద ఒక్క కోడ్ లేదు. నా వైపు తిరిగాడు.

"తుడిచినవా?"

"నాలుగుసార్లు" అన్నాను. గొప్పగా చెప్పబోయి మధ్యలోనే గొంతు తగ్గించాను.

"వారెవ్వా! దొంగలు పడ్డ ఇల్లు ఊడ్చి, కడిగి, ముగ్గేసి, అప్పుడు పోలీసోళ్లను పిలిచినట్టున్నది. కోడ్ పడ్డప్పుడు కంప్యూటర్ ఫోటో తీసి పెట్టుకున్నట్టు అన్నీ రాసి పెట్టుకుంటది. బండి స్పీడెంత, ఇంజన్ వేడెంత, నువ్వు కాలు ఎంత తొక్కినవ్. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటరు. కోడ్ తుడిస్తే గది గూడ పాయె."

నేను తల దించుకున్నాను. నా దగ్గరికొచ్చే ముందు నొప్పి బిళ్ల మింగి, "ఇప్పుడేం నొప్పి లేదు మేడం" అనే పేషెంట్లను నేను ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు. అచ్చం వాళ్లు చేసిందే చేసి, అరవై కిలోమీటర్లు వచ్చి కూర్చున్నాను. వర్క్‌షాపుకు వెళ్లిన ప్రతిసారీ కూడా గేటు ముందు ఇలాగే తుడుచుకుని వెళ్లానన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. వాళ్లు గుడ్డిగా సెన్సార్లు మార్చారంటే అందులో నా వాటా కూడా ఉంది.

యాదన్న తిట్టడం అక్కడితో ఆపేశాడు. "సరే పో, ఫికర్ చెయ్యకు. పోయిన దొంగను మళ్ల పిలుద్దాం. నువ్వు చెప్పిందాంట్లనే ఉన్నది. ఇంజన్ చాలూ చెయ్యి. చీకట్ల ఏం వేసినవో, వానల ఏం వేసినవో, ఎండల ఏం వేసినవో, అన్నీ ఒక్కపారి వెయ్యి."

హెడ్‌లైట్లు, ఏసీ, బ్లోయర్, వైపర్లు, వెనక అద్దం వేడి చేసే బటన్, అన్నీ వేశాను. ఎండలో, ఎండిన అద్దం మీద వైపర్లు కిర్రుకిర్రుమంటున్నాయి. ఒక నిమిషం గడిచింది, రెండు నిమిషాలు గడిచాయి. "హారన్ గూడ కొట్టు" అన్నాడు. కొట్టాను. పసుపు లైటు వెలిగింది! నేను స్టీరింగు వదిలేసి చప్పట్లు కొట్టాను. రెండు నెలలుగా నన్ను ఏడిపించిన లైటును చూసి అంత సంతోషిస్తానని ఎవరైనా అంటే నమ్మేదాన్ని కాదు.

ఈసారి తెర మీద నాలుగు కోడ్‌లు వచ్చాయి. తుడవడం సంగతి అటుంచి, ముందు రాసుకోమన్నాడు. P0193, P0113, P0118, P0123. ఒక్కో అక్షరం ఏం చెప్తుందో ఆయన చెప్తుంటే నేను రాసుకున్నాను, మీకోసం ఆయన మాటల్లోనే ఇస్తున్నాను. "పి అంటే ఇంజన్, గేర్ల దిక్కు. బి అంటే బాడీ. సి అంటే చక్రాలు, బ్రేకుల దిక్కు. యు అంటే కంప్యూటర్లు ఒకదాంతోని ఒకటి మాట్లాడుకునే లైను. అక్షరం పక్కన సున్నా ఉంటే ఏ కంపెనీ బండికైనా ఒక్కటే అర్థం. ఒకటి ఉంటే గా కంపెనీ సొంత కోడ్, వాళ్ల పుస్తకం చూడాలె. ఇగ యాది పెట్టుకో, కోడ్ గల్లీ పేరే చెప్తది. ఇల్లు మనమే దేవులాడుకోవాలె."

నాలుగింటికీ అర్థాలు చూశాం. ఒకటి డీజిల్ ఒత్తిడి, ఒకటి లోపలికొచ్చే గాలి వేడి, ఒకటి ఇంజన్ చల్లబరిచే నీళ్ల వేడి, ఒకటి కాలు తొక్కే పెడలు. నాలుగింటి నుంచీ వచ్చే సిగ్నల్ ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా ఉందన్నదే అన్నిటి ఫిర్యాదు. వర్క్‌షాపువాళ్లు వీటిలో రెండింటికి కొత్త సెన్సార్లు వేశారు, అవీ ఇదే పాట పాడుతున్నాయి.

"నువ్వు దవాఖాన మనిషివే గద. ఒక్క వాడల నలుగురికి ఒక్కటేసారి వాంతులయితున్నయంటే ఏమనుకుంటవ్?" అని అడిగాడు.

"నలుగురు ఒక్క బాయి నీళ్లే తాగిన్రు అనుకుంట" అన్నాను.

"శభాష్. పో, బాయి ఎక్కడున్నదో చూడు." ఇంతే అని, వోల్టులు కొలిచే మీటరు నా చేతిలో పెట్టాడు. నేను వెనక్కి ఇవ్వబోతే తీసుకోలేదు. "బండి ఎవరిదో మీటరు వాళ్ల చేతులనే ఉండాలె. నా తాన ఇదే పద్ధతి. రేపు షాద్‌నగర్ల నేనుంటనా?"

ముందు బ్యాటరీ చూడమన్నాడు. ఇంజన్ ఆపినప్పుడు పన్నెండున్నర వోల్టులు, నడుస్తున్నప్పుడు పద్నాలుగు పైన. రెండూ బాగున్నాయి. ఆ తర్వాత చేసిన పరీక్ష నేను ఎక్కడా వినలేదు. ఇంజన్ నడుస్తూ, లైట్లూ ఏసీ అన్నీ పనిచేస్తూ ఉండగా, మీటరు నల్ల తీగను బ్యాటరీ మైనస్ మీద ఉంచి, ఎర్ర తీగను బండి ఇనుము మీద ఒక్కో చోటా ఆనించాలి. కరెంటు పని ముగించుకుని బ్యాటరీకి తిరిగొచ్చే దారి అది, దాన్నే ఎర్త్ అంటారు. దారి సాఫీగా ఉంటే మీటరు దాదాపు సున్నా చూపిస్తుంది. పాయింట్ రెండు దాటిందంటే మధ్యలో ఏదో అడ్డం పడింది.

ఇంజన్ మీద ఆనిస్తే పాయింట్ సున్నా నాలుగు. కుడివైపు బాడీకి బిగించిన ఎర్త్ వైరు దగ్గర పాయింట్ సున్నా అయిదు. ఎడమవైపు, బ్యాటరీ పక్కన, నాలుగు నల్ల వైర్లు ఒకేచోట కలిసే బోల్టు ఒకటుంది. అక్కడ వైరు రింగు మీద ఎర్ర తీగ మొన గట్టిగా ఆనించాను. ఒకటి పాయింట్ మూడు. ఏసీ ఆపితే తగ్గింది, మళ్లీ వేస్తే పెరిగింది. "అన్నా, బాయి దొరికింది!" అని ఎంత గట్టిగా అరిచానంటే, వెనక వాకిట్లో బర్రెలు రెండూ తలెత్తి చూశాయి.

ఆ బోల్టు మీద మందంగా ఏదో పేరుకుపోయి ఉంది. తుప్పు అనుకుని గోటితో గీకాను. ఎర్రగా రాలింది, కింద పసుపు పచ్చగా ఉంది, దాని కింద మళ్లీ ఎరుపు. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాక గానీ నాకు తెలియలేదు. అది పసుపు, కుంకుమ. పెట్టింది నేనే. ప్రతి దసరాకూ బానెట్ ఎత్తి, పసుపు తడిపి బొట్టు పెట్టి, దానిమీద కుంకుమ అద్ది, కొట్టిన కొబ్బరికాయ నీళ్లు నాలుగు చుక్కలు చల్లుతాను. లోపల గుండ్రంగా, చదునుగా, బొట్టు పెట్టించుకోవడానికే ఉన్నట్టు కనిపించింది ఆ బోల్టే. ఎనిమిది దసరాల తడి పసుపు, కొబ్బరినీళ్లు రింగు కిందికి దిగి, లోహం పచ్చబడి, దారి మూసుకుపోయింది. లైట్లూ ఏసీ వేసి కరెంటు ఎక్కువ పారినప్పుడల్లా అక్కడ అడ్డం పడి, అదే దారిని వాడుకునే నాలుగు సెన్సార్ల లెక్కా పెరిగి కనిపించేది. బండి చల్లగా ఉండాలని భక్తిగా నా చేత్తోనే దాని గొంతు నొక్కాను.

సిగ్గుతో నిజం చెప్పేశాను. అంజమ్మ వంగి చూసి, "దేవునికి చేసినవ్ బిడ్డా, తప్పేమున్నది? గని పాపం బోల్టు తానం జేయక ఎనిమిదేండ్లాయె" అంది. ముగ్గురం నవ్వాం, నేను కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాను.

"నువ్వొక్కదానివే కాదు. దసరా అయినంక నాకు సీజనే. ఒకడు ఫ్యూజుల డబ్బకు బొట్టు పెడ్తడు, ఇంకొకడు నిమ్మకాయ తీస్కపోయి బ్యాటరీకే కడ్తడు. బొట్టు పెట్టు, మస్తుగ పెట్టు. గని స్టీరింగుకు పెట్టు, ముంగట బానెట్ మీద పెట్టు. వైర్లున్న కాడ వద్దు" అన్నాడు యాదన్న.

ఇంజన్ ఆపి, ముందు బ్యాటరీ మైనస్ వైరు విప్పించి, తర్వాత ఆ బోల్టు నా చేతే విప్పించాడు. పదో నంబరు స్పానరు, మొదట కదల్లేదు, నూనె చుక్క వేసి పది నిమిషాలు ఆగాం. రింగులనూ, వాటి కింద ఇనుమునూ గరుకు కాగితంతో తెల్లగా మెరిసేదాకా రుద్దాను. బిగించాక పైన కాస్త వాసెలిన్ రాశాం, తడి చేరకుండా. వైరు తగిలించి, ఇంజన్ నడిపి, మళ్లీ అన్నీ వేసి మీటరు పెట్టాను. పాయింట్ సున్నా మూడు! "ఇప్పుడు తుడువు" అన్నాడు. కోడ్‌లు తుడిచి ఇరవై నిమిషాలు ఏసీ, లైట్లు, వైపర్లతో బండిని అలాగే ఉంచాం. లైటు రాలేదు.

"మరి కంప్యూటర్ పోయిందన్నరు కదన్నా?"

"దానికేమయింది? అబద్ధం ఇన్నది, అబద్ధం చెప్పింది. దాని తప్పు లేదు."

అయిదు వందలు తీసుకున్నాడు. అంజమ్మ జొన్నరొట్టె, టమాట తొక్కు, పెద్ద గ్లాసుతో మజ్జిగ పెట్టి గానీ వదల్లేదు. పన్నెండున్నరకు గౌలిపుర నుంచి బయలుదేరాను. ఆ వేళకు గల్లీలు కిక్కిరిసిపోయి శాలిబండ చేరడానికే అరగంట పట్టింది, హారన్ మీద నుంచి చేయి తీయలేదు, లైటు మాత్రం రాలేదు. శంషాబాద్ దాటాక రోడ్డు ఖాళీ దొరికింది. ఏసీ నిండుగా పెట్టి, పట్టపగలు హెడ్‌లైట్లు కూడా వేసుకుని, కాలు నొక్కాను. యాభై, అరవై, డెబ్భై, ఎనభై. బండిలో ఒక్కదాన్నే ఉన్నా బిగ్గరగా కేకలు పెట్టాను. పక్క కారువాళ్లు ఏమనుకున్నారో నాకు అక్కర్లేదు.

ఇంటికి వెళ్లలేదు, నేరుగా తండాకు తిప్పాను. మూడింటికి గుట్ట కింద ఉన్నాను. రెండో గేరులో, ఏసీ ఆపకుండా, ఒక్క ఊపులో పైకెక్కించాను. బండి చప్పుడు విని పెద్దాయన గుడిసె ముందు మంచం మీంచి లేచాడు. పన్నెండు రోజులు రాలేదని మొహం మాడ్చుకుని, ఎవరినీ పట్టుకోనివ్వకుండా, కర్ర ఆనించుకుంటూ నా బండి దాకా నడిచొచ్చాడు. పదకొండు అడుగులు లెక్కపెట్టాను. "రావు అనుకున్న" అని మాత్రం అన్నాడు.

వ్యాయామం చేయించి, గుట్ట మీదే నిలబడి, బండి కొంటానన్నాయనకు ఫోన్ చేశాను. రేపు రావొద్దని, బండి బాగైందని, అమ్మడం లేదని చెప్పాను. ఆయన నెమ్మదిగా అడిగాడు, "ఎర్తేనా మేడం?"

ఆయనకు తెలుసు. మా ఇంటి ముందు బానెట్ ఎత్తి చూసిన రోజే తెలుసు. నాకు కోపం రావాలి, కానీ వచ్చింది నవ్వే. "ఎర్తే. నేనే పట్టుకున్న" అని పెట్టేశాను. ఆ సాయంత్రం అదే వాక్యం మా ఆయనకు చెప్పాను, ఆయన ఎగతాళి చేయడానికి ఏమీ దొరక్క బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. నాకు ఈ ప్రయాణంలో దొరికింది బండి ఒక్కటే కాదు. రెండు నెలలుగా నా బండి గురించి నాకు తప్ప అందరికీ తెలుసని నమ్మాను. లైటు ఎప్పుడు వెలుగుతుందో చూసింది నేను, వానలో కుంటినప్పుడు లోపల కూర్చున్నది నేను, బొట్టు పెట్టింది కూడా నేనే. జబ్బు ఆనవాళ్లన్నీ నా దగ్గరే ఉన్నాయి, అడిగే మనిషి దొరకడానికి గౌలిపుర దాకా వెళ్లాల్సి వచ్చింది. ఇకమీదట నా పేషెంట్లు చెప్పేది కూడా పూర్తయ్యేదాకా విందామని నిర్ణయించుకున్నాను, రిపోర్టు ఆ తర్వాతే తెరుస్తాను.

మీరు వెళ్లేటట్టయితే ఒక్క మాట గుర్తుంచుకోండి. లైటు వెలగ్గానే తుడిచే బటన్ మీద చేయి వేయకండి. ముందు కోడ్‌లన్నీ ఫోటో తీసుకోండి, దాని పక్కనే ఉండే ఫ్రీజ్ ఫ్రేమ్ పేజీ కూడా తీసుకోండి, ఆ నిమిషంలో బండిలో ఏమేం వేసి ఉన్నాయో కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ కాగితం చేతిలో ఉంటే మీ బండికి ధర ఎవరు కట్టినా, ముందు మిమ్మల్ని అడిగే కట్టాలి.